చప్పుడు లేని మార్పు

ఆ రోజు కంప్యూటరు ఒక్క మాట కూడా అనలేదు. సూయిన్‌కి భయం అక్కడే పట్టుకుంది.

మామూలుగా కొత్త కెర్నెల్ వచ్చిందంటే ఆమె బల్ల దగ్గర కురుక్షేత్రమే. కెర్నెల్ అంటే యంత్రాన్ని లోపలినుంచి నడిపే మూల ప్రోగ్రాం. దాన్ని రాసేవాళ్ళు దేశదేశాల్లో ఉంటారు, పొద్దస్తమానం ఈమెయిళ్ళలో పోట్లాడుకుంటూ ఉంటారు. బయటి ప్రోగ్రాములకి వాళ్ళొక మాట ఇచ్చారు: మిమ్మల్ని ఎప్పటికీ చెడగొట్టం అని. లోపలి భాగాలకి మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. లోపల ఒక పని పేరు మారుతుంది, కొలత మారుతుంది, నిన్నటిది ఇవాళ ఉండదు. నీ కోడు వాళ్ళ కోడులో కలిసి ఉంటే, మార్చినవాడే నీదీ సరిచేసి పెడతాడు. బయట దాచుకున్నావా, ఇక నీ ఏడుపు నువ్వు ఏడవాల్సిందే.

సూయిన్ కోడు బయటే ఉండిపోయింది. షిన్‌చూలో ఆమె పనిచేసేది ఒక చిన్న కంపెనీ. ఏటికి అడ్డంగా కట్టిన గేట్ల దగ్గర పెట్టే ఎలక్ట్రానిక్ కార్డులు తయారుచేస్తారు. కొండల్లో వాన పడి నీళ్ళు పెరిగితే కార్డు సైరన్ మోగిస్తుంది. పావుగంట ఆగకుండా మోగాక గేటు తనంతట తనే లేస్తుంది. ఏటి ఇసుకలో ఉన్నవాళ్ళు గట్టెక్కడానికే ఆ పావుగంట. కెర్నెల్‌కీ ఆ కార్డుకీ మధ్య నడిచే డ్రైవర్ అనే ప్రోగ్రాం రాసింది సూయినే. పెళ్ళీ పెటాకులూ లేకుండా, జుట్టు నెరిసేదాకా ఆమె చేసిన ఉద్యోగం అదే.

"దీన్ని కెర్నెల్ వాళ్ళకి ఇచ్చేద్దాం, మనకి ఈ తిప్పలు పోతాయి" అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. యజమాని ఫాన్ కుఓహ్సియుంగ్ ఆమెకంటే చిన్నవాడు, తండ్రి పోయాక కంపెనీ చేతికొచ్చింది. "మన వంటింటి గుట్టు ఊరంతా పంచిపెడతామా సూయినక్కా?" అని నవ్వేసేవాడు. పోనీ ఆ గుట్టేమైనా గొప్పదా అంటే, సైరన్ మోగించి గేటు ఎత్తడం. దానికంత దాపరికం ఎందుకో ఆ మహానుభావుడికే తెలియాలి.

ప్రతి కొత్త కెర్నెల్‌కీ డ్రైవర్ విరిగి పనిచెయ్యకపోవడం, ఆమె వారాల తరబడి కూర్చుని అతికించడం, కార్డులు ఆలస్యం కావడం. కిందటేడు ఫాన్ విసిగిపోయాడు. "ఇంకోసారి విరిగితే నా కొంప మునుగుతుంది. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. సూయిన్ చేసింది. డ్రైవర్‌కీ కెర్నెల్‌కీ మధ్య మెత్తలాంటి ఇంకో చిన్న ప్రోగ్రాం కుట్టింది. డ్రైవర్ పిలిచే పాత పేరు కొత్త కెర్నెల్‌లో కనబడకపోతే, అదే చోట అదే ఆకారంలో ఉన్న కొత్త పేరును వెతికి, దాన్ని దీనికి ముడేస్తుంది. అప్పుడామె ముచ్చటపడింది కూడా. నిజం చెప్పొద్దూ, తెలివైన పనే.

ఆ మెత్త ఉన్నాక వచ్చిన మొదటి కెర్నెల్ ఇది. ఒక్క తప్పు చూపించలేదు, ఒక్క హెచ్చరిక లేదు. తెర మీద వరుసలు గడగడా పోయి ఆగాయి. సూయిన్ డ్రైవర్‌ని కొత్త కెర్నెల్‌తో మళ్ళీ మొదటినుంచి కలిపించి చూసింది. మళ్ళీ అంతే.

ఫాన్ పరుగెత్తుకొచ్చి సర్వరు మీద ఆకుపచ్చ చిరుతిళ్ళ పాకెట్టు కొత్తది పెట్టాడు. అది లేకపోతే మిషన్లు మొండికేస్తాయని అక్కడ అందరికీ నమ్మకం. ఎర్ర రంగుదో గడువు దాటినదో పెడితే ఇంకేమన్నా ఉందా! బల్ల మీద సైరన్ కూడా మోగించి చూశారు. పావుగంట ఆ గోల ఎవరు వింటారు? పరీక్షకని ఎప్పుడూ ఒక్క సెకను గడువే పెట్టేవాళ్ళు. 'బాఁయ్' మంది, ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

"నాకు రెండ్రోజులివ్వు. లోపల ఏం మారిందో చదవాలి" అంది సూయిన్.

"విరిగితే ఏడుస్తావు, విరక్కపోతే ఏడుస్తావు. నిన్ను మెప్పించడం ఎవరివల్ల అవుతుంది తల్లీ?"

"ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. అందుకే."

"వానలొచ్చేస్తున్నాయక్కా. పాత కెర్నెల్‌లో దొంగలు దూరే సందులున్నాయని జలశాఖ వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. కార్డులు బిగించే మనుషులు రేపు బయల్దేరుతున్నారు. అంతే."

కార్డులు వెళ్ళిపోయాయి.

సూయిన్ ఉండేది అన్న యోంగ్‌ఫా ఇంట్లో. అన్న ఏటి ఇసుకలో పుచ్చకాయలు పండిస్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉప్పుమాంసం, వెల్లుల్లి ఆకు వేపుడు ఆమె గిన్నెలో వేస్తూ, "ఏమే, అలా దయ్యం పట్టినదానిలా కూర్చున్నావు?" అన్నాడు.

"ఈ వారం ఏట్లోకి దిగకన్నా."

"కాయలు కోతకొచ్చాక దిగకుండా ఏం చెయ్యమంటావు? నీళ్ళొస్తే నీ సైరన్ ఉందిగా. ఊళ్ళో అందరికీ చెబుతుంటాను, అది మా చెల్లెలి గొంతు అని."

"గొంతు మాత్రం మీ చెల్లెలిదే, అచ్చం అలాగే అరుస్తుంది" అని వదిన మెయ్‌జూ పకపకా నవ్వింది. సూయిన్ గిన్నె పక్కకి నెట్టింది. ఫలానాది తప్పని చెప్పడానికి ఆమె చేతిలో ఏముంది? కంప్యూటరు తిట్టలేదు, అందుకని భయంగా ఉంది అంటే ఎవరు వింటారు?

మూడోనాడు మధ్యాహ్నం కొండల మీద ఆకాశం నల్లబడింది. షిన్‌చూలో ఎండే ఉంది. ఆఫీసులో అందరూ అన్నాలు తినేసి బల్లల మీద తలలు వాల్చి కునుకు తీస్తున్నారు. సూయిన్ ఒక్కతే కెర్నెల్ వాళ్ళు రాసుకున్న మార్పుల వివరాలు ఒక్కొక్కటే చదువుతోంది. వేలకొద్దీ ఉన్నాయి. గడువు లెక్కపెట్టే పని దగ్గరకొచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

అక్కడ ఎవరో పెద్దమనిషి శుభ్రంగా రాసిపెట్టాడు. ఇన్నాళ్ళూ ఈ గడువును కెర్నెల్ గుండె కొట్టుకునే లెక్కన ఇచ్చేవాళ్ళం, సెకనుకి రెండువందల యాభై. ఇకనుంచి సెకనుని వెయ్యి భాగాలు చేసి ఆ లెక్కన ఇవ్వాలి. అంకె చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి పొరపాటు పడతారు. అందుకే కావాలని పేరు మార్చాను. కోడు బయట ఉంచుకున్నవాళ్ళకి పాత పేరు దొరకదు, డ్రైవర్ విరుగుతుంది, అప్పుడు వచ్చి ఇది చదువుతారు.

అయ్యో! ఆ మనిషి ఎవరో ముక్కూ మొహం తెలియని సూయిన్ కోసమే గొంతు చించుకుని అరిచాడు. సూయిన్ మెత్త ఆ నోరు నొక్కేసింది. కొత్త పేరును పట్టుకుని పాత అంకె దాని చేతిలో పెట్టింది. పావుగంట కాస్తా దాంట్లో నాలుగో వంతైపోయింది. నాలుగు నిమిషాలు కూడా కాదు.

ఆమె వెంటనే ఫోను తీసింది. అన్న చాలాసేపటికి ఎత్తాడు. వెనకాల సైరన్ మోగుతోంది.

"అన్నా! ఎక్కడున్నావు?"

"ఏట్లోనే. ఇప్పుడే మొదలైంది నీ సంగీతం. వదిన గట్టు మీద బండి దగ్గరుంది. నాలుగు బుట్టలు ఎక్కించి వచ్చేస్తా."

"బుట్టలు పారెయ్! పరుగెత్తు!"

"ఎందుకే ఆ కంగారు? పావుగంట ఉందిగా."

"లేదు! పావుగంట లేదన్నా, తప్పైపోయింది, నీకు దణ్ణం పెడతాను, పరుగెత్తు!"

"ఏంటి? ఈ గోలలో వినపడి చావట్లేదు. కాసేపాగి..."

సైరన్ ఆగిపోయింది. ఫోనులో ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. అన్న ఊపిరి కూడా వినిపించింది.

"ఇదిగో, ఆగింది" అన్నాడు తేలిగ్గా. "ఇవాళ గేటు ఎత్తరు కాబోలు."

"అన్నా, గట్టెక్కు!" అని సూయిన్ అరిచిన అరుపుకి ఆఫీసులో నిద్రపోతున్న వాళ్ళంతా లేచి కూర్చున్నారు. అటునుంచి వదిన కేక దూరంగా వినిపించింది. ఆ తర్వాత అన్న మాట్లాడలేదు. ఫోనులో నీళ్ళ హోరు కొద్దిసేపు వచ్చి, అదీ పోయింది.

యోంగ్‌ఫాని మర్నాడు వంతెన కింద తీశారు.

ఊళ్ళో అందరూ ఒకటే మాట. సైరన్ మోగింది, మేమూ విన్నాం, కాయల మీద ఆశకి పోయి ప్రాణం తీసుకున్నాడు పాపం. జలశాఖ వాళ్ళూ అదే రాసుకుపోయారు. ఫాన్ ఇంటికొచ్చి, అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుని, సూయిన్‌ని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మోగింది కదక్కా. మోగిందని అందరూ అంటున్నారు. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే పోయిన మనిషి తిరిగొస్తాడా? మిగతా గేట్లవి నెమ్మదిగా మార్చేద్దాం."

"నెమ్మదిగానా? ఈలోపు వాన నీ మాట విని ఆగుతుందా?" అందామె. అతని ఎదురుగానే జలశాఖకి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రానికి ప్రతి గేటు దగ్గరా మనుషుల్ని నిలబెట్టారు. ఫాన్ మొహం పాలిపోయి, చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

రేపు ఇదంతా పేపర్లో వస్తుంది. వదినకి ఇంకా తెలియదు.

మెయ్‌జూ ముందుగదిలో నేల మీద కూర్చుని, పోయినవాళ్ళ పేర కాల్చే బంగారు రేకు కాగితాలు మడుస్తోంది. సూయిన్ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఒక కాగితం తీసుకుని తనూ మడవడం మొదలుపెట్టింది.

"సూయిన్" అంది వదిన తలెత్తకుండా. "ఆయనకి ఆశ లేదే. ఆయన వచ్చేస్తానన్నాడు. నేనే గట్టు మీంచి అరిచాను, పావుగంట ఉంది కదా, ఇంకో నాలుగు బుట్టలు పట్రమ్మని. నేనే చంపుకున్నాను మీ అన్నని."

ఊరుకుంటే ఈ మనిషి బతికినన్నాళ్ళూ ఆ మాటే మోస్తుంది.

"నువ్వు కాదు వదినా. పావుగంట ఉందని నువ్వు నమ్మడంలో తప్పు లేదు. ఆ పావుగంటని నాలుగు నిమిషాలు చేసింది నేను. ఫాన్ కాదు, ఎవరూ కాదు. నా చేత్తో చేసిన పని."

వదిన చేతులు ఆగిపోయాయి. అర్థం కాక చూసింది. సూయిన్ మెత్త సంగతి, పేరు మారిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. వదినకి అదంతా ఎంత తలకెక్కిందో గానీ, నాలుగు నిమిషాలన్న మాట మాత్రం ఎక్కింది.

మెయ్‌జూ కేకలు పెట్టలేదు, కొట్టలేదు. ముందుకు వంగి, సూయిన్ వేళ్ళ మధ్య సగం మడిచి ఉన్న కాగితాన్ని మెల్లిగా లాక్కుంది.

"అయితే ఇవి నువ్వు ముట్టుకోకు" అంది.