ఏటి అవతల వదిలిన కరియ

ఈ మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దీన్ని పక్కనపెట్టి మిగతా తప్పులే ఒప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది వడ్డేపల్లి. అమ్మానాన్న ప్రతి ఏడూ కూలికి పుణె వలసపోయేవాళ్లు. నేను హాస్టల్లో చదువుకున్నాను. ఇంట్లో మా అవ్వ, చెల్లె, కరియ. కరియ మా కుక్క. నల్లగా ఉంటుందని, మా వైపు కలిసిపోయిన కన్నడ మాటతో పెట్టిన పేరు. తాగొచ్చి తలుపు తట్టినవాళ్లను అదే తరిమేది. చెల్లె వెంట చర్చికి పోయి, ప్రార్థన అయ్యేదాకా బయట చెప్పుల మధ్య పడుకునేది. ఆ పిల్లను పెంచింది మేమా, కరియా అంటే ఏం చెప్పను?

నాకు టీచరు ఉద్యోగం వచ్చి నాగర్‌కర్నూల్‌లో చేరాను. అదింకా జిల్లా కాని రోజులు. అవ్వ అప్పటికే పోయింది. పదో తరగతి అయిన చెల్లెను తెచ్చుకుని ఇంటర్‌లో చేర్పించాలనుకున్నాను. కరియను వదిలి రానని చెల్లె పట్టుబట్టింది. సరే, దాన్నీ తీసుకుపోదామని మాటిచ్చాను.

ఇల్లు దొరకలేదు. టు లెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ కొట్టాను. కుక్క వాకిలి పాడుచేస్తుందని ఒకరు, పూజగది ఉందని మరొకరు. చివరికి బస్టాండు వెనక ఒక పెద్దాయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ పెట్టమని లోపలికి కేకేశాడు.

"ఏ ఊరు సారూ మీది?"

"వడ్డేపల్లి సార్."

"వడ్డేపల్లిల ఏ గేరి? ఏ వాడ?"

"చర్చి కాడ సార్."

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఇంట్ల కుక్క గిట్ల ఏమన్న ఉన్నదా?"

ఉందన్నాను. అబద్ధమాడి ఇంట్లో చేరడం నాకు ఇష్టం లేదు.

"గదే కష్టం సారూ. దాన్ని యాడనన్న ఇడిసిపెట్టి రాండ్రి. తాళంచెవి చేతుల పెడ్త."

టీ రాలేదు. రాలేదని గమనించాను కూడా.

ఆ వచ్చే ఆదివారం వడ్డేపల్లి పోయాను. చెల్లె చర్చిలో ఉండగా చెప్పుల మధ్య నుంచి కరియను పిలిచాను. వచ్చింది. నేను పిలిస్తే ఎందుకు రాదు? జీపులో రాజోలి తీసుకుపోయి, తుంగభద్ర దాటడానికి పుట్టి ఎక్కించాను. ఏరు దాటించిన కుక్క తిరిగి రాదని మా దిక్కు నమ్మకం. అవతలి ఒడ్డున దానికి బన్ను పెట్టి, అది తింటుండగా మళ్లీ పుట్టిలో కూర్చున్నాను. "కుక్క ఎక్కలే సార్" అన్నాడు పుట్టి నడిపే మనిషి. పోనియ్యమన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

కరియ ఎటో పోయిందని చెల్లెతో చెప్పాను. ఊరంతా పేరు పెట్టి పిలుస్తూ తిరిగింది. ఆమెతో పాటు నేనూ పిలిచాను. ఆ పిలుపులు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తాళంచెవి కోసం పోతే, అల్లుడు వస్తున్నాడు, ఇల్లు ఆయనకే కావాలన్నాడు పెద్దాయన. కుక్కను వదిలేశానన్నాను. "అయ్యో, గట్లనా" అన్నాడు. అంతే. చెల్లెను ప్రభుత్వ హాస్టల్లో చేర్పించాను.

కొన్నాళ్లకు అదే వీధిలో పోతూ సైకిల్ ఆపాను. ఆ ఇంట్లోకి ఎవరో కొత్త కిరాయిదార్లు దిగారు. గేటుకు వాళ్ల తెల్లటి బొచ్చుకుక్క కట్టేసి ఉంది. పెద్దాయన వంగి దానికి బిస్కెట్ తినిపిస్తున్నాడు.

ఒళ్లు మండిపోయింది. నన్ను ఇంత మోసం చేస్తాడా అనుకున్నాను. చేశాడు, నిజమే. కానీ నిజంగా నాకు ఆ రోజే తెలియలేదా? ఏ గేరి అని ఎందుకు అడుగుతారో మా గేరిలో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. టీ రానప్పుడే నాకు అర్థమైంది. కాకపోతే కులాన్ని వదిలించుకోలేను, కుక్కనైతే వదిలించుకోగలను. అందుకే, కుక్క ఒక్కటే అడ్డమని, అది పోతే నేనూ అందరిలాంటి కిరాయిదారునేనని గట్టిగా నమ్మాను. ఆయన మోసం ఒక ఇంటితో అయిపోయింది. నాది?

చెల్లె ఇప్పుడు గద్వాలలో నర్సు. మొన్న వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె కొడుకు కుక్కపిల్ల కావాలని మారాం చేశాడు. "వద్దు బిడ్డా. పాణమిచ్చి సాకుతం, అవి చెప్పకుంట పోతయి" అంది. నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్తానో లేదో కూడా తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇక్కడిదాకా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకే మిగిలిందీ చెప్పేస్తాను. పైన ఒక అబద్ధం రాశాను. వెనక్కి తిరిగి చూడలేదన్నాను. చూశాను. కరియ సగం తిన్న బన్ను వదిలేసి నీళ్లలోకి దిగింది. మెడదాకా మునిగి, పుట్టి వెనకే ఈదుకుంటూ వచ్చింది. తిప్పమని ఒక్క మాటంటే పుట్టి తిరిగేది. నేను అనలేదు.