నేను వెనక్కి తీసుకున్న సాక్ష్యం

నా ఒక్కడి వల్ల ఒక చర్చి మొత్తం తప్పుడు వైద్యానికి ఆమెన్ చెప్పింది. ఒక కాలనీలో తిప్పతీగ అన్నది కంటికి కనిపించకుండా పోయింది. నా భార్య చేతివేళ్లు, అప్పుడప్పుడే తేరుకుంటున్నవి, మళ్లీ కొయ్యబారిపోయాయి. ఇదంతా ఏ పగవాడో చేసింది కాదు. ఆమెను బాగుచేద్దామని నేనే చేశాను. ఇప్పటికీ నస్పూర్ కూరగాయల మార్కెట్లో ఎవరో ఒకరు సంచీ కింద పెట్టి, "అన్నా, గా కషాయం ఎట్ల కాస్తరో జర చెప్పరాదు" అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కడుపారా నవ్వండి. నవ్వాక మాత్రం పొయ్యి మీద గిన్నె పెట్టకండి.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. బొగ్గుగనిలో ఉద్యోగం, పైన యూనియన్‌లో మా గనికి కార్యదర్శి పదవి. దేవుడితో కూడా మేనేజరుతో మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ని: ముందు డిమాండ్లు, తర్వాత దండాలు. నా భార్య సువార్తది మాట తక్కువ, పని ఎక్కువ. మా మెథడిస్టు సంఘంలో హార్మోనియం ఆమెదే. ఆమె మెట్ల మీద వేళ్లు పెట్టిందంటే, రాత్రి డ్యూటీ దిగొచ్చి వెనక బెంచీలో కునికే మా గని మనుషులు కూడా లేచి కూర్చునేవాళ్లు.

ఒక ఎండాకాలం ఆ వేళ్లు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి పడదు. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకొని తాగేది. ఒక ఆదివారం పాట సగంలో వాయించలేక ఆపేసింది. మిగతా సగం సంఘం ఉత్త గొంతుతో ముగించింది. ఇల్లు చేరాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక్క మాట అన్నది.

"గీ ఏళ్లు పోతే నా నోరు పోయినట్టేనయ్యా."

మర్నాడే కరీంనగర్ తీసుకుపోయాను. కీళ్ల డాక్టరు చాలా చిన్నగా కనిపించింది, చూడ్డానికి మా పెద్దబిడ్డలా ఉంది. రక్తపరీక్షల కాగితాలు చూసి, వాటి వెనక బొమ్మ గీసి మరీ చెప్పింది.

"రోగాలతోని కొట్లాడేతందుకు ఒంట్ల ఒక సైన్యం ఉంటది అంకుల్. ఎవరు మనోళ్లు, ఎవరు బయటోళ్లు, దానికి ఎరుకే. చిన్నప్పుడు ఒక్కసారి చూసిన రోగాన్ని ముసలితనంల గూడ గుర్తుపడతది. గంత తెలివిగలది, ఆంటీ కీళ్లను చూసి బయటోళ్లు అనుకుంటున్నది. కొడుతున్నది."

నేను నోరు తెరుచుకొని విన్నాను. ఇరవై ఏళ్లుగా భూమి పొట్టలోకి దిగి ఎక్కుతున్నవాణ్ని. నా పక్కన కూర్చున్న మనిషి లోపల ఇంత పెద్ద రాజ్యం మూడు షిఫ్టులూ నడుస్తోందని ఏనాడూ తట్టలేదు. హాజరు బుక్కు లేదు, సైరన్ లేదు, మేనేజరు లేడు. కాలివేలికి ముల్లు గుచ్చుకుంటే ఎవరూ పిలవకుండానే అక్కడికి చేరుకుంటారట! సువార్త చేతుల వైపు చూశాను. చర్చిలో కూడా అంత భక్తిగా నేను తల వంచింది లేదు.

అక్కడితో ఆగితే నేను మనిషిని. కానీ మూర్ఖుడికి ఆశ్చర్యం కలిగితే ఊరుకోడు, సలహా ఇస్తాడు.

డాక్టరు వారానికి ఒక్కసారి, బుధవారం మాత్రమే వేసే మాత్ర రాసింది. "పని చూపాలంటె రెండు నెలలు పట్టొచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పింది. సువార్త వేళ్లకు అట్టలోంచి మాత్ర తీసే బలం లేదు కాబట్టి ఆ డ్యూటీ నాకు పడింది. తిరుగు బస్సులో మాత్రల పెట్టెలో ఉన్న కాగితం చదివాను. రోగనిరోధక శక్తిని అణచివేస్తుందని ఉంది. అణచివేత! నా పిడికిలి దానంతట అది లేచింది.

"చూసినవా సువార్తా? అణచివేతనట!"

"గా సైన్యాన్ని జర తగ్గియ్యాలెనని డాక్టరమ్మ చెప్పె గదా."

"సైన్యం ఎందుకు తిరగబడ్డది? తిండి సాలక! క్యాంటీన్ల అన్నం మంచిగ లేకుంటె మావోళ్లు పని ఆపుతలేరా? కడుపునిండ పెడితె దారికొస్తరు."

"మీ క్యాంటీనుకు, నా ఏళ్లకు ఏం సంబంధమయ్యా?"

సంబంధం నాకు తప్ప ఇంకెవరికీ కనిపించలేదు. కంచే చేను మేస్తోందని డాక్టరు చెబితే, నేను కంచెకు ఎరువు వేయడానికి బయలుదేరాను.

డ్యూటీలు, మీటింగులు తెమిలేసరికి నెలన్నర దాటింది. ఆసిఫాబాద్ అంగడిలో వేర్లు, మూలికలు అమ్మే ఒక ముసలాయన ఉండేవాడు. నేను సంగతంతా చెప్పి, ఒంట్లో బలం పెంచే తిప్పతీగ ఇమ్మన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"దవాఖాన మందు తింటున్నదా ఆమె?"

"తింటున్నది."

"అయితె నేనియ్య బిడ్డా. తిప్పతీగ జరానికి ఇస్తం. ఒంట్లనే లడాయి నడిచేటోళ్లకు ఇయ్యం. పోయి డాక్టర్ను అడుగు."

మూలికలు అమ్ముకునేవాడే డాక్టరును అడగమంటుంటే నాకు జాలేసింది. "నీకు నీ మందు మీదనే నమ్మకం లేదా తాతా?" అని వచ్చేశాను. మా కాలనీ కంచెలకు తిప్పతీగ అల్లుకొని ఉండనే ఉంది.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మా ఇంట్లో రోగి కోరింది మాత్ర, వైద్యురాలు చెప్పింది మాత్ర, మొగుడు కాచింది తిప్పతీగ. రోజూ పొద్దున్నే లేచి గిన్నెడు కాచి, ఒక గ్లాసు సువార్త ముందు పెట్టి డ్యూటీకి పోయేవాణ్ని. మాత్ర మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు. కషాయం మొదలైన పదిరోజులకు సువార్త చాయ్ గ్లాసును ఒక్క చేత్తో ఎత్తింది! ఇంకో వారానికి పిడికిలి బిగిసింది. నేను వాకిట్లో నిలబడి ఆకాశం వైపు చూశాను. ఒక తీగ ముక్కలో ఇంత మహిమా!

ఇక మాత్ర ఎందుకు? "డాక్టరమ్మ ఫోన్ చేసింది, మాత్రలు సాలన్నది" అని సువార్తతో అబద్ధమాడాను. ఈ మొత్తం కథలో నవ్వవద్దని నేను అడిగేది ఈ ఒక్క వాక్యానికే.

మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాలు ఉంటాయి. మేలు పొందినవాళ్లు లేచి, పొందిన మేలు నలుగురికీ చెప్పాలి. అందరూ రెండు నిమిషాలు చెబుతారు. నేను గని గేటు ముందు కార్మికులకు ఉపన్యాసం దంచినట్టు గేట్ మీటింగే పెట్టాను. కషాయం కాచే విధం, తాగే వేళ, తీగ కొయ్యవలసిన పొడవు, ఏదీ వదల్లేదు. "మాత్రలు బంద్ పెట్టినం, ఏళ్లు మంచిగైనయి!" అనగానే సంఘమంతా "ఆమెన్!" అన్నది. సువార్త హార్మోనియం వెనక తల దించుకొని కూర్చుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. సోమవారానికి కాలనీ కంచెలన్నీ గుండు కొట్టించుకున్నట్టు అయ్యాయి.

ఐదారు వారాలు గడిచాయి. ఒక తెల్లవారి సువార్త మంచం మీద కూర్చొని తన చేతులను పరాయివాళ్ల చేతుల్లా చూసుకుంటోంది. ఈసారి మణికట్లు కూడా వాచాయి.

"నిజం చెప్పు. మాత్రలు ఆపుమన్నది డాక్టరమ్మేనా?"

సమ్మెలో పోలీసులు గద్దించి అడిగినా ఏదీ చెప్పనివాణ్ని. చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది.

"జడెయ్యి. దవాఖానకు పోదాం."

ఆ జడ ఎలా వచ్చిందో చెప్పను. చీపురు కూడా అంతకంటే కుదురుగా ఉంటుంది. దాంతోనే ఆమె తలెత్తుకొని కరీంనగర్ దాకా వచ్చింది.

డాక్టరు నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది.

"తిప్పతీగ గా సైన్యాన్ని ఇంక రెచ్చగొట్టొచ్చు అంకుల్. కొందరికి కాలేయం గూడ ఖరాబైంది" అని సువార్తకు పరీక్ష చేయించింది. కాలేయం శుభ్రంగా ఉంది. "రెండు నెలలు తాగినా ఏం కాలే, అదృష్టం" అని డాక్టరే ఆశ్చర్యపోయింది. మాత్ర మళ్లీ మొదలైంది. నేను ముఖం వేలాడేసుకొని, "ఇంట్ల చేసేటిది ఏం లేదా బిడ్డా?" అని అడిగాను.

"ఎందుకు లేదు? పొద్దుగాల గోరువెచ్చటి నీళ్లల్ల చేతులు పెట్టియ్యున్రి. రోజు నడక, కడుపునిండ నిద్ర. మీ బీడీ పొగ ఇంట్లకు రావొద్దు. నొప్పి తగ్గినంక హార్మోనియమే ఆంటీ ఏళ్లకు కసరత్తు. గివన్ని మాత్రకు తోడు. మాత్ర జాగల గావు."

బస్సు దిగాక సువార్త ఒక షరతు పెట్టింది. "నేను మల్ల హార్మోనియం ముట్టిన నాడు, నువ్వు గదే చర్చిల లేచి నిజం చెప్పాలె."

మూడు నెలలు నీళ్లు కాచాను, బీడీ మానేశాను. ఆ ఆదివారం వచ్చింది. ఆమె వేళ్లు మెట్ల మీద మొదట భయంభయంగా నడిచాయి, తర్వాత గుర్తుపట్టాయి. లోపల కొట్లాట సద్దుమణిగి, ఆ మహారాజ్యం తన వేళ్లు తనవేనని ఒప్పుకున్నట్టు తోచింది. నాకు కళ్లు కనిపించలేదు. పాట అయ్యాక లేచాను.

"అయ్యగారూ, నేను నా సాక్ష్యం వాపస్ తీసుకుంట."

పాస్టరయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "సాక్ష్యం వాపస్ తీసుకునుడు ఏడన్న ఉన్నదా సామ్యేలూ?"

"లేకపోతె ఇయ్యాల్టి సంది ఉంటది" అని మొత్తం చెప్పాను, అబద్ధంతో సహా. అప్పుడు హార్మోనియం వెనకనుంచి సువార్త లేచింది.

"నాది గూడ ఒక సాక్ష్యం ఉన్నదయ్యగారూ. గా కషాయం నేను ఒక్క పూటనే తాగిన. కడుపుల తిప్పింది. పారబోద్దామంటె గాయన పొద్దుగాల్నే లేచి కాస్తుండాయె. మనసొప్పలే. అందుకని రోజు గాయన చారులనే కలిపిన. గాయన గంత సంబురంగ సాక్ష్యం చెప్తుంటె గప్పుడు గూడ నోరు రాలే. గది నా తప్పు."

నవ్వులకు చర్చి పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. పాస్టరయ్య నవ్వు ఆపుకోలేక వేదిక వెనక్కి వెళ్లాడు. ఆ నెలల్లో చారు చేదుగా ఉంటే, మెంతులు ఎక్కువయ్యాయి కాబోలు, ఒంటికి మంచిదని నేను రెండో గరిటె అడిగి మరీ పోయించుకున్నాను! విషయం ఫోనులో విన్న డాక్టరమ్మ చాలాసేపు నవ్వి, "అయితె కాలేయం పరీక్ష మీకు రాయాలె అంకుల్" అన్నది. రాసింది కూడా.

అందుచేత అడిగేవాళ్లందరికీ ఇదే జవాబు. ఆమెను బాగుచేసింది కషాయం కాదు, చెడగొట్టిందీ కషాయం కాదు. బాగుచేసింది మాత్ర. చెడగొట్టింది నేను.

ఇక సంఘం ఎదుటా, యూనియన్ ఎదుటా, మళ్లీ చిగురు వేస్తున్న కాలనీ కంచెల ఎదుటా కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరి ఒంటి గురించైనా నేను సాక్ష్యం చెప్పవలసి వస్తే, ముందుగా ఆ ఒంట్లో కాపురముండే మనిషిని ఒక్క మాట అడుగుతాను. చారు మాత్రం వాసన చూశాకే పోయించుకుంటాను.