సగం పాపం

మనవరాలు జామకాయ సగం కొరికి పారేయబోతుంటే లాక్కుని నేనే తిన్నాను. ఆ వాసనకి జగ్గయ్యపేటలో నా మొదటి రోజా, రంజాన్ ఉపవాసం, గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మొదటి ఉపవాసమని సాయంత్రానికి చుట్టాలను పిలిచారు, మల్లెపూల దండ కూడా తెచ్చారు. మధ్యాహ్నానికి నా నాలుక పిడచకట్టింది. నేను ఆపా అని పిలిచే మా అక్కకి పన్నెండేళ్లు. పెరట్లో జామకాయ కోసి నాకిచ్చింది.

"తిను. సగం పాపం నేను మోస్తాలే," అంది. తనూ సగం తింది. పాపం కూడా నీళ్ల గంగాళంలా చెరోపక్క పట్టుకుంటే తేలికవుతుందనుకున్నాను.

దండ వేయబోతూ నానమ్మ నా నోటి వాసన పసిగట్టింది. నేను ఆపా వైపు చూశాను.

"నేను తినలేదు నానమ్మా. వద్దన్నా అదే తింది," అంది ఆపా.

"నువ్వూ తిన్నావుగా. సగం మోస్తానన్నావుగా," అన్నాను ఏడుస్తూ.

"ఎవరి పాపం వాళ్లదేనే. ఒకళ్లది ఇంకొకళ్లు మొయ్యరు," అంది నానమ్మ. "చిన్నదానివి, తప్పు ఒప్పుకుని తౌబా చేసుకో, అల్లా మన్నిస్తాడు." దండ మాత్రం గూట్లో పెట్టేసింది.

పోయినేడు హజ్‌కి బయల్దేరేముందు ఆపా నందిగామ నుంచి వచ్చింది. వెళ్లేవాళ్లు అయినవాళ్లందరినీ క్షమాపణ అడిగి వెళ్లడం మాలో ఆనవాయితీ.

"నావల్ల తప్పులేమన్నా జరిగుంటే మాఫ్ చెయ్యవే," అంది.

"ఏ తప్పు ఆపా?"

"ఏమో, గుర్తుంటేగా."

మాఫ్ చేశానన్నాను. చెయ్యలేదు. ఆ అబద్ధానికి తౌబా చేసుకోవలసింది నేనొక్కదాన్నే. ఇంకా చేసుకోలేదు.