అక్క కథతో మొదలుపెట్టేవాడు

మా శిక్షణ సంస్థలో ఆయన్ని అందరూ మైకు మాస్టారంటారు. కుట్టుపని, వెల్డింగు లాంటివి నేర్పబోయేవాళ్ళకి నలుగురి ముందు ఎలా మాట్లాడాలో నేర్పడం ఆయన ఉద్యోగం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరి కళ్ళలోకి చూడాలి, తెర మీదున్నది అప్పజెప్పకుండా సొంతమాటల్లో ఎలా చెప్పాలి, ఇలాంటివి. మనిషి మంచివాడే. కాకపోతే జనం నవ్వుతారంటే ఇంట్లోవాళ్ళనైనా బజార్న పెట్టేస్తాడు.

ప్రతి బ్యాచికీ ఆయన మొదటి కథ ఒకటే. "నాకు తెలిసిన ఒకావిడ" పాఠం చెప్పడానికి మొదటిసారి లేచిందట. చొక్కా చెయ్యి ఎలా కుట్టాలో చెప్పాలి. నోరు తెరిస్తే మాట రాలేదు. చేతిలోని చొక్కాతో ముఖం తుడుచుకుని, దాన్నే నెత్తిన కప్పుకుని బయటికి పరుగో పరుగు! మాస్టారు ఆ పరుగు నటించి చూపిస్తే హాలంతా కడుపు పట్టుకుని నవ్వేది. ఆ ఒకావిడ ఆయన సొంత అక్క అని ప్రొజెక్టరు చూసుకునే నాకొక్కడికే తెలుసు.

ఈమధ్య అక్క పనిచేసే బట్టల దుకాణం మూతపడింది. కుట్టు కేంద్రంలో టీచరు ఉద్యోగముంది గానీ, మా దగ్గర అయిదు నిమిషాలు మాట్లాడి కేంద్రం మేనేజరమ్మని మెప్పించాలి.

"ఏం మాట్లాడమంటావురా?" అని తమ్ముణ్ణి ముందే అడిగింది.

"నీకు జరిగిందే చెప్పక్కా. చెవులప్పగించి వింటారు" అన్నాడు. తర్వాత ఆ మాటే మర్చిపోయాడు.

అక్క మాట్లాడాల్సిన రోజు పొద్దున అలవాటుగా అదే కథ ఎత్తుకున్నాడు. చొక్కా నెత్తిన కప్పుకున్నాక రెండో వరసలో అక్క కనిపించింది. అక్కడితో ఆపొచ్చు. హాలు నవ్వుతోంది కదా, ఆపలేదు. గుమ్మందాకా పరిగెత్తే వచ్చాడు. అక్క తల దించుకుంది.

మధ్యాహ్నం అన్నం వదిలేసి నా దగ్గరికొచ్చాడు.

"దాని నోటి దగ్గర కథ లాగేసుకున్నానోయ్. ఇప్పుడది ఏం మాట్లాడుతుంది?"

"నాకెందుకు చెప్తారు? ఆవిడకి చెప్పండి" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు.

అక్క వంతు వచ్చింది. మైకు ముందుకొచ్చింది.

"నేను చెప్దామనుకున్నది పొద్దున సారు చెప్పేశారు. ఆ పరిగెత్తింది నేనే."

మాస్టారు గబుక్కున లేచాడు.

"అక్కా, తప్పు నాది. అసలేం జరిగిందంటే..."

"కూర్చోండి సార్. ఇది నా టైము."

కూర్చున్నాడు.

"సారు గుమ్మం దగ్గర ఆపేశారు. నేను మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అప్పుడూ నోరు పెగల్లేదు. సరే అని నేర్చుకోడానికొచ్చినవాళ్ళ మధ్య కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. చేతులు కదిలాక మాటలు వాటంతటవే వచ్చాయి." సంచీలోంచి కత్తిరించిన చొక్కా చెయ్యి తీసి, అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టింది. మేనేజరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మర్నాడు వెళ్ళిందా? నాకు తెలీదు" అన్నాడు మాస్టారు మెల్లగా. ఇన్నేళ్ళు ఆ కథ చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. తర్వాత ఏమైందే అని అక్కని ఒక్కసారీ అడగలేదు. ఆ మాట నేను అనక్కర్లేకపోయింది, ఆయన ముఖమే చెబుతోంది.

సాయంత్రం ఉద్యోగం ఖాయమైందని తెలిశాక మెట్ల దగ్గర అక్కకి ఎదురెళ్ళాడు.

"ఇంకెప్పుడూ ఆ కథ చెప్పనే, ఒట్టు."

"చెప్పకు. సోమవారం నుంచి నాకు క్లాసులున్నాయి, అది నాక్కావాలి. నీదొకటి నువ్వు వెతుక్కో" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.