మంచు అడవికి పచ్చని చెట్లు

1935 జూన్‌లో ఏలూరులో ఒక హైస్కూల్లో అసిస్టెంటు డ్రాయింగు మాస్టరుగా చేరాను. సెలవుల్లో బయటి పని చేసుకోవాలంటే హెడ్మాస్టరుగారి అనుమతి కాగితం మీద ఉండాలి. మరుసటి వేసవిలో అలా అనుమతి పుచ్చుకుని, తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు యజమాని వెంకటరత్నంగారింటికి రంగుల పెట్టెతో రైలెక్కాను.

ఆయన నా చేతిలో సీమ బిస్కట్ల డబ్బా మూత పెట్టారు. దాని మీద మంచు కప్పిన అడవి, ఆకు లేని చెట్లు. "దీన్ని హాల్లో గోడంత చెయ్యండి మాస్టారూ. రోహిణి ఎండల్లో చూస్తేనే ప్రాణం చల్లబడాలి" అన్నారు. నేను మంచు చూసినవాణ్ణి కాదు. అయినా ఇరవై నాలుగేళ్ళ వయసులో తెలియనిదేముంటుంది!

కాన్వాసు బిగించి, జిగురు పట్టించి, తెల్లపూత వేసి ఆరనిచ్చాను. నూనెరంగులకో నియమం ఉంది. కింది పూతలో టర్పెంటైను ఎక్కువ, పై పూతల్లో అవిసెనూనె ఎక్కువ ఉండాలి. తారుమారైతే బొమ్మ పగుళ్ళిస్తుంది. మంచు నీడలకు తెలుపులో నీలం, చిటికెడు ఎరుపు కలిపాను. మిల్లు ఊక ఎగిరొచ్చి తడిరంగుకు అంటుకునేది. పొద్దున్నే కూర్చుని సూదిమొనతో ఏరేవాణ్ణి. ఆ నూనె వాసన, మిల్లులో ఉప్పుడు బియ్యం వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఆ రోజులంటే నాకు బెంగే.

పదోరోజుకి చెట్లు నిలబడ్డాయి. వెంకటరత్నంగారి భార్య సుబ్బమ్మగారు వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏవండీ మాస్టారూ, అన్నీ మోడులేనాండీ? పురిటికొచ్చిన పిల్ల పొద్దస్తమానం వీటినే చూస్తూ పడుకోవాలా?"

వాళ్ళ అమ్మాయి రాజ్యానికి ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఆ హాల్లోనే ఆమె మంచం. చలికాలంలో ఆ దేశపు చెట్లు అంతేనని, మళ్ళీ చిగురిస్తాయని చెప్పాను.

"మళ్ళీ వస్తాయని మీకూ నాకూ తెలుసండీ. రెండుసార్లు పోగొట్టుకున్నదానికి ఎలా తెలుస్తుంది?"

ఆకులు పెట్టండి, లేదా బొమ్మ తీసుకుపొండి అన్నారావిడ. మంచులో ఆకులు పెడితే అబద్ధమవుతుంది, నా చేత కాదన్నాను. వెంకటరత్నంగారు మూతవైపోసారి, భార్యవైపోసారి చూసి, మిల్లులో పనుందని జారుకున్నారు.

కోపంతోనే ఏలూరు వచ్చేశాను. మా స్కూల్లో సైన్సు చెప్పే దేవసహాయం మాస్టారికి నా గోడు వెళ్ళబోసుకున్నాను, నాతో అవునంటారని. ఆయన వృక్షశాస్త్రం పుస్తకం తీసి నా ముందు పెట్టారు. ఆ దేశాల్లో ఆకు రాల్చని చెట్లూ ఉంటాయట. ఆకులు సూదుల్లా ఉంటాయి, కొమ్మల మీద మంచు పేరుకున్నా కింద పచ్చగానే ఉంటాయి. "ఆవిడడిగింది ఉన్నదేనండీ" అన్నారు నవ్వుతూ. నాకు తల కొట్టేసినట్లయింది.

మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్ళాను. ముందు వరస చెట్లను కత్తితో గీకి, గుడ్డతో తుడిచి, ముదురాకుపచ్చ వేశాను. అది ఆరాక కొమ్మల మీద మందంగా తెలుపు పెట్టాను. సుబ్బమ్మగారు చాలాసేపు చూశారు. వెనక దూరంగా వదిలేసిన నాలుగు మోడుల్ని చూపించి, "మరి అవో?" అన్నారు.

"అవి నా పంతానికండీ" అన్నాను.

"ఉండనివ్వండి, దూరంగానే ఉన్నాయిగా" అన్నారు. బొమ్మ గోడెక్కింది.

శ్రావణమాసంలో రాజ్యానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. బొమ్మ చలవేనని సుబ్బమ్మగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. కాదని నేనెప్పుడూ అనలేదు.

తరవాత ముప్పయ్యేళ్ళు డ్రాయింగు చెప్పాను. నా బొమ్మకు ఎవరైనా అడ్డు చెబితే, జవాబిచ్చేలోగా తెలిసినవాళ్ళను అడిగి వచ్చేవాణ్ణి. ఆ వేసవిలో నేను నిజం కోసం పట్టుబట్టాననుకున్నాను. అసలు సంగతి, నాకు రెండోరకం చెట్టు తెలియదు.