పాఠంలో లేని మాట

ఆ పోలండ్ పల్లెలో ఎవరు పుట్టగొడుగులు ఏరుకొచ్చినా, యాద్విగాకు చూపించాకే పొయ్యి మీద పెడతారు. అరవై రెండేళ్ల ఈ మనిషి లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకు పోతోంది. ఈ నెల పాఠం శరత్కాలపు అడవి. మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, కత్తితో పుట్టగొడుగు కోసినప్పుడల్లా ఒక మాట వల్లిస్తుంది: లీఫ్, మాస్, ఏకార్న్, స్క్విరల్. "ఉడతలతో ఇంగ్లీషులో కబుర్లాడతావుటే?" అని మొగుడు లూడ్విక్ వెక్కిరిస్తాడు.

నిన్న అడవిదారిలో, ఆపిల్ తోటలో పనికి కొత్తగా వచ్చిన, పోలిష్ భాష రాని నేపాలీ కూలీ ఎదురయ్యాడు. అతని సంచి నిండా లేతాకుపచ్చ టోపీల పుట్టగొడుగులు. ఒక్కటి తిన్నా ప్రాణం దక్కదు. యాద్విగా నోరు తెరిచింది. పాఠంలో ఆకుంది, నాచుంది, ఓక్ కాయుంది, ఉడత తోక కూడా ఉంది, విషం లేదు. "మష్రూమ్! నో! నో!" అని అరుస్తూ సంచి లాక్కుని, కింద కుమ్మరించి, బూటుకాలితో నలిపేసింది. అతను కాసేపు ఆమె కాళ్లకేసి చూశాడు. "సారీ మేడమ్. యువర్ ఫారెస్ట్," అని చేతులు జోడించి, ఖాళీ సంచి మడుచుకుని వెళ్లిపోయాడు. ఆ మాటలు మాత్రం ఆమెకు బాగా అర్థమయ్యాయి.

ఇవాళ ఆ లేని మాటను అడిగి తెలుసుకుని, అరచేతిలో రాసుకుని, పొద్దుటి నుంచీ ఆ దారిలోనే నిలబడింది. తోట కూలీలు అడవిదారి వదిలి, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోతున్నారు.