పెద్దమ్మ పురుటిపాట

"పెద్దమ్మ పోయిందే" అని మా తమ్ముడు అరకు నుంచి ఫోన్ చేశాడు. ఎప్పుడు, ఎలా అని నేను అడిగేలోపే వాడే చెప్పాడు. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. ఆ మాట వినగానే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి కడుపు తాకడానికి కాచుకుంటోంది ఆ చేతులు? ఆవిణ్ణి పురిటికి పిలిచి ఏళ్లయింది.

ఆవిడ మాకు చుట్టం కాదు. మాది విజయనగరం వైపు పల్లపు ఊరు. మా నాన్న కొండ మీద రైల్వే స్టేషన్ పక్కన చిన్న హోటలు పెట్టుకుని కాపురం అక్కడికి మార్చాడు. స్టేషన్ వెనకాల గూడెంలో ఆవిడ ఇల్లు. తరతరాలుగా ఆ కొండల్లోనే ఉన్న మనుషులు వాళ్లు. మా అమ్మ ఆవిణ్ణి "అప్పా" అని, అంటే అక్కా అని పిలిచేది కనక మాకు పెద్దమ్మ అయింది. నేనూ తమ్ముడూ ఆవిడ చేతుల్లోనే పుట్టాం. చుట్టుపక్కల గూడేలకు మంత్రసాని ఆవిడే.

ఇది చదివే మీలో చాలామంది పెద్దమ్మని చూసే ఉంటారు. తొంభైల్లో ఒక దెయ్యం సినిమా వచ్చి, విరగబడి ఆడి, తర్వాత రెండో భాగం, మూడో భాగం కూడా వచ్చాయి. అందులో జుట్టు విరబోసుకుని, నిండు చూలాలి కడుపు మీద చేతులు ఆడిస్తూ ఏదో పాట గొణిగే ముసలమ్మ ఉంటుంది. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ చిల్లంగి ముసలమ్మే మా పెద్దమ్మ. రాష్ట్రమంతా పిల్లల్ని అన్నం తినమని బెదిరించింది ఆవిడ బొమ్మ చూపించే.

అసలు మనిషిని చూసి భయపడిన పిల్లని ఒక్కదాన్నీ నేనెరగను. పురిటికి పిలుపొస్తే ముందు గోళ్లు రాయి మీద అరగదీసుకునేది. తర్వాత పొయ్యి ముందు కూర్చుని అరచేతులు కాచుకునేది. "సల్లటి సేతులతో తాకితే లోపలున్నోడు జడుసుకుంతాడు" అనేది. బిడ్డ అడ్డం తిరిగిందని తోస్తే ఒక్క క్షణం ఆగేది కాదు, మా నాన్నని కేకేసి జీపు మాట్లాడించి ఆస్పత్రికి తీసుకుపోయేది. మామూలు కాన్పయితే మాత్రం పాట ఉండాల్సిందే. వాళ్ల భాషలో పాట. అర్థం అమ్మ నాకు చెప్పింది: కొండ దిగి మెల్లగా రా, నీకోసం నీళ్లు కాగుతున్నాయి, మీ అమ్మ అలిసిపోయింది, ఇంక రా. అంతే. బిడ్డ ఏడిచేదాకా ఇదే తిప్పి తిప్పి పాడేది.

ఆ సినిమావాళ్లు షూటింగుకి వచ్చినప్పుడు మా హోటల్లోనే భోజనాలు చేసేవాళ్లు. ఒకరోజు పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగుతోంది. అంటే చుట్టని వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా నాయనమ్మా అలాగే కాల్చేది, మా వైపు ఎవరికీ అది వింత కాదు. డైరెక్టరు మాత్రం ఇడ్లీ మీద చెయ్యి అలాగే ఉంచి నోరు తెరుచుకుని చూశాడు. నిప్పు మింగే ముసలమ్మ దొరికిందనుకున్నాడు కాబోలు. సాయంత్రానికి మాట ఖాయమైపోయింది.

పెద్దమ్మకి ఒకటే నవ్వు. "నన్ను సూసి జనం జడుసుకుంతారంట. మా కోళ్లే జడుసుకోవు కదమ్మా" అని అమ్మతో అంది. షూటింగు నుంచి రాగానే మాకు కథలు చెప్పేది. తనకో మడత కుర్చీ వేశారట, ఎండ తగలకుండా గొడుగు పట్టారట. ఆ రోజుల్లో ఆవిడంత సంతోషంగా ఉన్న మనిషి ఆ లోయలో లేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, శాపం పెట్టే సీను దగ్గర. హీరోయిన్ పొట్టకి దిండు కట్టుకుని మంచం మీద పడుకుంది. "ఏదో ఒకటి గొణుగు బామ్మా, నీ భాషలోనే, భయంకరంగా ఉండాలి" అన్నాడు డైరెక్టరు. పెద్దమ్మకి నోరు రాలేదు. మంత్రసాని కడుపు ముందు చెడ్డమాట అనకూడదు, అది వాళ్ల పనికి కట్టుబాటు. దిండు కడుపని ఆవిడకీ తెలుసు. అయినా అనలేకపోయింది. అందుకని మొహం భయంకరంగా పెట్టి, గొంతు బొంగురు చేసి, తన పురుటిపాటే పాడేసింది.

"గుడ్డ కట్టుకున్నా కడుపు కడుపే కదమ్మా. ఆ గుంటకి రేపు నిజంగా బిడ్డ పుట్టాల. ఆళ్లకేటి తెలుస్తాది, నాను మంచిమాటే అన్నాను" అని ఆ రాత్రి అమ్మతో గుట్టుగా చెప్పింది. డైరెక్టర్ని భలే బోల్తా కొట్టించానని మురిసిపోయింది. అమ్మ కూడా నవ్వింది.

సినిమా వచ్చింది. ఆ పాటకి వెనకాల ఉరుములూ నక్క కూతలూ కలిపారు. పాట పూర్తయ్యేసరికి తెర మీద హీరోయిన్ నెత్తురు కక్కుకుని పడిపోతుంది. సంతలో గుడ్డ కట్టిన డేరాలో వీడియో వేశారు. అన్ని గూడేల వాళ్లూ చూశారు.

మా గూడెం వాళ్లు మొదట్లో నవ్వేసి ఊరుకున్నారు. పై గూడేల నుంచి వచ్చిన కొత్త కోడళ్లు ఊరుకోలేదు. అలాంటి ఒక పిల్లకి నొప్పులొస్తే పెద్దమ్మ వెళ్లింది, అమ్మ కూడా తోడు వెళ్లింది. పెద్దమ్మ చేతులు కాచుకుని, కడుపు మీద పెట్టి, పాట ఎత్తుకుంది. అంతే, ఆ పిల్ల పిచ్చికేకలు పెట్టింది. "ఒద్దు! నా బిడ్డని సంపేస్తాది! ఈవిణ్ణి ఎల్లిపోమను!"

ఆ పిల్ల అత్త తన కొడుకుల్ని కన్నది కూడా పెద్దమ్మ చేతుల్లోనే. ఆవిడే తల దించుకుని, "అప్పా, ఈపాలికి పాట ఒద్దులే, ఊరికే సెయ్యి" అంది. పెద్దమ్మ నోరు మూసుకుని పురుడు పోసింది. బిడ్డ బాగానే పుట్టింది. దారిలో అమ్మతో ఒక్క మాటే అందట. "సేతులు పని సేసినాయి గానీ, నానక్కడ లేను."

మర్నాటి నుంచి పిలుపులు తగ్గాయి. అయినా పెద్దమ్మ ఆశ వదులుకోలేదు. రెండో భాగానికి డైరెక్టరు మళ్లీ వచ్చినప్పుడు మా హోటల్లోనే ఆయన్ని నిలబెట్టి అడిగింది. "బాబూ, ఈపాలి నన్ను మంచిదాన్ని సెయ్యి. నా సేత ఒక బిడ్డకి పురుడు పోయించు. అది పురుటిపాటని జనానికి తెలవాల." ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "తప్పకుండా బామ్మా, రెండో భాగంలో నువ్వే దేవతవి" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. చట్నీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

పురుడు పోసే సీను నిజంగానే తీశారు. పెద్దమ్మ ప్రాణం పెట్టి పాడింది. బిడ్డ ఏడవగానే తనూ ఏడ్చిందట, యూనిట్ అంతా చప్పట్లు కొట్టిందట. సినిమా విడుదలయ్యాక నాన్న మమ్మల్నందర్నీ విశాఖపట్నం తీసుకెళ్లి హాల్లో చూపించాడు. తెర మీద పెద్దమ్మ పాడింది, బిడ్డని ఎత్తింది. బిడ్డ కళ్లు తెరిస్తే ఎర్రగా నిప్పులు. మా వెనక వరసలో ఈలలు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అదేటమ్మా, అలా సేసీసినారు" అంది.

మూడో భాగానికి వాళ్లు వస్తే తలుపు తియ్యలేదు. వాళ్లకీ పెద్ద అవసరం పడలేదు లెండి. వేరే ముసలావిణ్ణి పెట్టి, పెద్దమ్మ గొంతు పాతదే వాడుకున్నారు.

తర్వాత సంగతులు రాయడానికి మనసొప్పడం లేదు. పై గూడెంలో ఒక పిల్లాడికి జ్వరమొచ్చి తగ్గకపోతే, కొందరు మగాళ్లు వచ్చి ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డారు. చిల్లంగి అన్న మాట ఒక మనిషి మీద పడితే మా కొండల్లో ఏమవుతుందో మీరు పేపర్లలో చదివే ఉంటారు. మా గూడెం పెద్దలు అడ్డం నిలబడి వాళ్లని పంపేశారు. ఆ తర్వాత పెద్దమ్మ సంతకి పోవడం మానేసింది. టూరిస్టులు మాత్రం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. "ఒక్కసారి పాడు బామ్మా" అని కెమెరాలు పట్టుకుని బతిమాలేవాళ్లు. "నాను గాదు బాబూ, ఆవిడ సచ్చిపోనాది" అని లోపలికి పోయేది.

నాకు పాప పుట్టింది విశాఖపట్నం ఆస్పత్రిలో. నొప్పుల్లో ఆ పాట నాకు నోటిదాకా వచ్చింది. పక్క మంచం మీద పిల్ల జడుసుకుంటుందని మింగేశాను.

తమ్ముడి ఫోను రాగానే, అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరెక్కి వెళ్లేసరికి పెద్దమ్మని ఇంటి ముందు పడుకోబెట్టి ఉంచారు. మంత్రసాని పోతే, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి ఆ చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోయాలి. అది ఆ గూడెం పద్ధతి. మేం పోశాం. వచ్చినవాళ్లు కొద్దిమందే. మిగిలిన నీళ్లు కుండలోనే చల్లారిపోయాయి.

మోసుకెళ్లే ముందు మా అమ్మ ఆవిడ తల దగ్గర కూర్చుని ఆ పాట ఎత్తుకుంది. పాడటం అమ్మకి రాదు. అయినా పాడింది. కొండ దిగి మెల్లగా రా, నీకోసం నీళ్లు కాగుతున్నాయి. నేను గొంతు కలుపుదామని తలెత్తాను. ఎదురుగా, అప్పుడు పెద్దమ్మ పాట వినగానే కేకలు పెట్టిన ఆ కొత్త కోడలే, ఇప్పుడు పెద్దదయింది, చంకలో ఇంకో పసిబిడ్డతో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, రెండో చేత్తో పైట లాగి బిడ్డ చెవులు కప్పేసింది.